మస్టర్ మీద నిలబడ్డ మధ్యతరగతి: గోదావరిఖని కుటుంబం ఒకటి, కేస్ స్టడీ

గోదావరిఖనిలో ఒక సింగరేణి కుటుంబం. ఇంటాయన భూగర్భ గనిలో బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రం ఆపరేటర్. నా దగ్గరికి వచ్చిననాటికి ఆయన వయసు 58. కంపెనీలో రిటైర్మెంట్ వయసు 61 కాబట్టి 2027లో దిగిపోతాడు. భార్య ఇంట్లోనే ఉంటుంది. కూతురికి 2022లో పెళ్లయింది. కొడుకు బీటెక్ పూర్తి చేసి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. బ్యాంకు ఉద్యోగం నుంచి బయటికొచ్చాక నేను కోల్‌బెల్ట్‌లో, అంటే ఈ బొగ్గు గనుల ప్రాంతంలో, అప్పుల్లో చిక్కుకున్న కార్మిక కుటుంబాల లెక్కలు సరిచేసే పని చేస్తున్నాను. ఇది రాయడానికి ఈ కుటుంబం ఒప్పుకుంది. గని పేరు, కాలనీ పేరు రాయడం లేదు. కొన్ని అంకెలు, వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

అప్పుల కేసులు చాలా వస్తాయి. వాటిలో ఇదే ఎందుకు రాస్తున్నానంటే, కూలి పని నుంచి పైకొచ్చిన కుటుంబం మధ్యతరగతి పద్ధతుల్లోకి ఎలా మారుతుందో ఇందులో స్పష్టంగా కనిపించింది. అలాంటి కుటుంబం ముందుగా నేర్చుకునేది ఖర్చు పెట్టడమే అని అందరూ అంటారు. నేను చూసినంతలో ముందుగా నేర్చుకునేది దాచిపెట్టడం. కష్టాన్ని దాచడం, అప్పుని దాచడం, పేద చుట్టాన్ని దాచడం. కారుకి, ఫంక్షన్ హాలుకి పెట్టిన డబ్బు కంటే ఈ దాపరికానికి కట్టిన వడ్డీయే ఈ ఇంటిని ఎక్కువగా కుంగదీసింది.

ఒక నౌకరి, ఇద్దరు అన్నదమ్ములు

ఇంటాయన తండ్రి 1960లలో ఊరు వదిలి గోదావరిఖని వచ్చాడు. బొగ్గు నింపే ఫిల్లర్. తట్ట, చెమ్మస్‌తో బొగ్గు ఎత్తే పని. మొదట గుడిసె, చాలా ఏళ్ల తర్వాత కంపెనీ క్వార్టర్. ఆయన భార్య మార్కెట్లో కూరగాయలు అమ్మేది. 1988లో తండ్రి ఆరోగ్యం చెడిపోయి అన్‌ఫిట్ అయినప్పుడు వారసుడి కింద ఒక్క ఉద్యోగం వచ్చింది. ఇంట్లో ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి 22, చిన్నవాడికి 15. నౌకరి పెద్దవాడికి పోయింది. ఊళ్లో ఉన్న ముప్పై గుంటల భూమి చిన్నవాడికి, వాడి చదువు బాధ్యత పెద్దవాడికి అని తండ్రి నోటిమాటగా చెప్పాడు. కాగితం ఏమీ రాసుకోలేదు.

ఆ రోజు ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఈ రోజు పెద్దాయన ఇన్‌కమ్ ట్యాక్స్ కడతాడు. తమ్ముడు ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే గనిలో, కాంట్రాక్టర్ కింద పనిచేస్తాడు. 2023-24 లాభాల్లో పెట్టుబడులకు పక్కన పెట్టింది పోను మిగిలినదాంట్లో సింగరేణి పర్మనెంట్ కార్మికులకు 33 శాతం వాటాగా 796 కోట్లు ఇచ్చారు. సగటున మనిషికి 1 లక్షా 90 వేలు. అదే ఏడాది కాంట్రాక్ట్ కార్మికులకు తొలిసారి లాభాల నుంచి ఇచ్చింది మనిషికి 5 వేలు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే బొగ్గు మీద బతుకుతున్న ఇద్దరి మధ్య ఉన్న దూరం ఇది. తెలివితేటల్లో, కష్టపడే గుణంలో, పొదుపులో ఇద్దరికీ తేడా ఏమీ లేదు. 1988లో పెద్దవాడికి 22 ఏళ్లు ఉండటమే తేడా.

ఈ కేసులో నేను పట్టుకున్న మొదటి విషయం ఇదే. ఈ కుటుంబం పైకొచ్చింది మస్టర్ వల్ల, అంటే కంపెనీ హాజరు పట్టీలో పర్మనెంట్‌గా పేరు ఉండటం వల్ల. ఆ మస్టర్‌కి ఇంత విలువ రావడానికి వెనక ఒక చరిత్ర ఉంది. బొగ్గు కార్మికులకు వేజ్ బోర్డు అవార్డు 1967లో అమలైంది. 1975 నుంచి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు వస్తున్నాయి. ఎన్నో సమ్మెలు జరిగాయి. ఒక రోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే చట్టానికి వ్యతిరేకంగా 1981లో జరిగిన 56 రోజుల సమ్మె గురించి ఆ ఇంట్లో తాత చెబుతుండేవాడట. 2021 జూలై నుంచి వర్తించే పదకొండో ఒప్పందం 19 శాతం పెరుగుదల తెచ్చింది. 2023 సెప్టెంబర్‌లో ఆ బకాయిలు సగటున 3 లక్షలా 70 వేల చొప్పున ఖాతాల్లో పడ్డాయి. యూనియన్లు కొట్లాడి తెచ్చిన జీతం అది. ఇంట్లో కొడుకుని అడిగితే మాత్రం, ‘మా డాడీ హార్డ్‌వర్క్ చేసి పైకొచ్చిండు’ అన్నాడు. నిజమే, ఆయన కష్టపడ్డాడు. చిన్నాయన కూడా అంతే కష్టపడ్డాడు కదా అని అడిగితే కుర్రాడు ఆలోచనలో పడ్డాడు.

ఏం మారింది, ఏం మారలేదు

మారిన వాటితో మొదలుపెడతాను. క్వార్టర్ ముందు గ్రిల్, గేటు వచ్చాయి. పిల్లలిద్దరూ మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో టిఫిన్ అంటే ఇడ్లీ, దోశ. సద్ది గటక మానేసి చాలా ఏళ్లయింది. కూతురి పెళ్లి ఫంక్షన్ హాల్లో, డ్రోన్ కెమెరాతో జరిగింది. కరీంనగర్ శివారులో 2018లో 200 గజాల ప్లాటు కొన్నారు. 2023లో బకాయిల డబ్బుతో డౌన్ పేమెంట్ కట్టి కారు తెచ్చారు. యూనియన్ చందా ఇప్పటికీ కడుతున్నాడు కానీ గేట్ మీటింగ్‌కి నిలబడటం మానేశాడు.

ఇంకో మార్పు అంత తేలిగ్గా కంటికి కనిపించదు. అత్త మార్కెట్లో కూరగాయలు అమ్మింది. ఇంటర్ చదివిన కోడలు బయట పనికి వెళ్లదు. కోల్‌బెల్ట్‌లో ఒక ఇల్లు పైకొచ్చిందనడానికి అందరూ ఒప్పుకునే గుర్తు ఆడమనిషి కూలికి పోకపోవడం. సింగరేణి సేవా సమితి నేర్పే కుట్టు పని గురించి నేను ప్రస్తావిస్తే ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. కుట్టడం రాక కాదు. డబ్బు తీసుకుని కుడితే ఇంట్లో ఇబ్బందులున్నాయని కాలనీకి తెలిసిపోతుంది. ఒకప్పుడు ఇద్దరి సంపాదన మీద నడిచిన ఇల్లు ఇప్పుడు ఒక్క మనిషి ఒంటి మీద, ఆ మనిషి దిగే బాయి (గని) మీద నడుస్తోంది. దీన్ని ఎదుగుదల అని మాత్రమే లెక్కవేస్తే కేసు తప్పుగా చదివినట్టే.

మారనివి కూడా ఉన్నాయి. ఇంటాయన ఇప్పటికీ మూడు షిఫ్టులూ చేస్తాడు. మోకాళ్లు, నడుము పోయాయి. బంధువుల్లో, స్నేహితుల్లో ఒక డాక్టరో, వకీలో, ఒక ఆఫీసులో చెప్పుకోదగ్గ మనిషో ఎవరూ లేరు. ప్లాటు కొన్నాక కరీంనగర్‌లో అద్దె ఇల్లు చూద్దామని వెళ్లినప్పుడు ఇద్దరు ఇంటి ఓనర్లు ముందుగా కులమే అడిగారు. జీతం పే స్లిప్పులో కనిపిస్తుంది కానీ అద్దెకి ఇల్లిచ్చేవాడు చూసేది దాన్నొక్కదాన్నే కాదు.

1960లలో ఇంగ్లండ్‌లోని లూటన్ పట్టణంలో కార్ల ఫ్యాక్టరీ, బేరింగుల ఫ్యాక్టరీ, కెమికల్ ఫ్యాక్టరీ కార్మికుల మీద సామాజిక శాస్త్రవేత్తలు పెద్ద పరిశీలన చేశారు. మంచి జీతం, సొంత ఇల్లు, టీవీ, కారు వచ్చిన కార్మికుడు మధ్యతరగతి మనిషి అయిపోతాడా అన్నది వాళ్ల ప్రశ్న. కాడు అని తేల్చారు. జీతం పెరిగినా ఆఫీసు ఉద్యోగులతో కలిసిమెలిసి తిరగలేదు, ఓటు ఎక్కువమంది లేబర్ పార్టీకే వేశారు. మారింది ఒకటే: పాత ఇరుగుపొరుగు జీవితం తగ్గి, ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి కుటుంబంతో వాళ్లు గడపడం పెరిగింది. నాకు ఈ చివరి మాటే బాగా పనికొచ్చింది. గోదావరిఖనిలోనూ తలుపులు అలాగే మూసుకున్నాయి. లూటన్‌లో మూసిన తలుపు వెనక టీవీ ముందు కూర్చున్న కుటుంబం ఉంది. ఇక్కడ మూసిన తలుపు వెనక గిరిగిరి అప్పు, అంటే వారం వారం కట్టే వడ్డీ వ్యాపారి అప్పు ఉంది.

అప్పు ఎలా బయటపడింది

2024 సెప్టెంబర్‌లో భార్య ఒక్కతే వచ్చింది. భర్తకి చెప్పి రాలేదు. జీతం పడిన రోజు ఏటీఎం నుంచి ఇంటికి డబ్బు రావడం లేదని, అడిగితే కోపం చేస్తున్నాడని చెప్పింది. కార్డు ఎక్కడుందని అడిగాను. ఆమెకు తెలియదు. కోల్‌బెల్ట్‌లో పనిచేసేవాళ్లకి ఆ జవాబుతోనే సగం కేసు అర్థమవుతుంది. కార్డు వడ్డీ వ్యాపారి దగ్గర ఉంది.

తర్వాత భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టినప్పుడు నేను ముందుగా అప్పు ఎంత అని అడగలేదు. ‘ఈ అప్పు సంగతి ఎవరెవరికి తెలుసు?’ అని అడిగాను. నా పనిలో ఈ ప్రశ్న ఎప్పుడూ ముందే ఉంటుంది. అప్పు సంగతి నలుగురికి తెలిసిన ఇంట్లో వడ్డీ తక్కువ ఉంటుంది, ఎవరికీ తెలియని ఇంట్లో వడ్డీ ఎక్కువ ఉంటుంది. తెలిసినవాళ్ల దగ్గర చేబదులు దొరుకుతుంది. దాచుకునేవాడికి మిగిలేది అడగ్గానే ఇచ్చేవాడు, ఎవరికీ చెప్పనివాడు. ఆ చెప్పకపోవడానికీ కలిపి వాడు వడ్డీ పట్టుకుంటాడు.

భార్య చెప్పిన మాట నా నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ‘మా మామ కాలంల ఇంట్ల బియ్యం లేకుంటె వాడకట్టుకంతా ఎర్కయ్యేది సార్. పక్కింటోళ్లే ఇచ్చేటోళ్లు. ఇప్పుడు మా ఇంట్ల ఏమైతాందో పక్కింటికి ఎర్కగాకుంట ఉంచాలె.’

అప్పు పుట్టిన తీరు ఇది. కొడుక్కి క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు బ్యాక్‌డోర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పెట్టిస్తామని 2 లక్షలు తీసుకున్నారు. కొన్ని నెలలు ట్రైనింగ్ అన్నారు, తర్వాత ఆఫీసు ఖాళీ చేశారు. ఆ 2 లక్షల్లో సగం చిట్టీ పాడి తెచ్చాడు, సగానికి గిరిగిరి తీసుకున్నాడు. పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదు. ఇస్తే కొడుక్కి ఉద్యోగం లేదని చుట్టాలందరికీ తెలుస్తుంది. చుట్టాలకు అప్పటికే సాఫ్ట్‌వేర్ అని చెప్పేశారు, సంబంధాలు కూడా వస్తున్నాయి.

గిరిగిరి లెక్క ఇలా ఉంది. లక్ష రాసుకుంటారు, ముందే 10 వేలు పట్టుకుని 90 వేలు చేతికిస్తారు. వారానికి 4 వేల చొప్పున 30 వారాలు కట్టాలి. మొత్తం 1 లక్షా 20 వేలు. తొంభైకి ముప్పైయే కదా అనిపిస్తుంది. కానీ అసలు వారం వారం తగ్గుతూ ఉంటుంది కాబట్టి నిజమైన వడ్డీ ఏడాదికి నూరు శాతం దాటుతుంది. ఈ సంగతి కాగితం మీద వేసి చూపించేదాకా ఆయనకు తెలియదు. ఒకటి తీరే లోపే ఇంకోటి తీసుకున్నాడు, తర్వాత మూడోది. కార్డు వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

పే స్లిప్పు చదవడం

నెల జీతం గ్రాస్ 1 లక్షా 32 వేలు. వినడానికి పెద్ద అంకె. ఊళ్లో ఆయన్ని చూసే కళ్లన్నీ ఆ అంకెనే చూస్తాయి. పీఎఫ్ 12 శాతం, పెన్షన్ 7 శాతం కలిపి దాదాపు 22 వేలు పోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ 18 వేలు. మిగిలింది 92 వేలు. పెళ్లికి తీసిన పర్సనల్ లోన్ ఈఎంఐ 24 వేలు, ప్లాటు లోన్ 14 వేలు. 54 వేలు. చిట్టీ 10 వేలు, కొడుకు హాస్టల్, కోచింగ్ 12 వేలు, కారు 9 వేలు, గిరిగిరి నెలకు 17 వేల పైన. ఇంటి ఖర్చుకు మిగిలేది 6 వేలు. కిరాణా కొట్లో ఉద్దెర 45 వేలకు చేరింది.

తమ్ముడి ఇంట్లో తిండికి నెలకు అంతకంటే ఎక్కువే ఖర్చు పెడతారు.

ఈ పే స్లిప్పులో కనిపించని జీతం ఇంకొకటి ఉంది. క్వార్టర్‌కి అద్దె అంటూ చెప్పుకోదగ్గది లేదు. కరెంటు, నీళ్లు, కంపెనీ ఆసుపత్రి. వీటన్నిటికీ బయట ధర కడితే నెలకు 15 వేలకు తక్కువ కాదని వేసి చూపించాను. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి, ఆ 15 వేలు సొంతంగా పెట్టుకోవాలి.

పెన్షన్ దగ్గర అసలు దెబ్బ తగిలింది. ఎదురు వరసలో ఒక రిటైర్డ్ టీచర్ కుటుంబం ఉంటుంది. పాత పెన్షన్. తమకూ అలాగే సగం జీతం వస్తుందని, డీఏ పెరుగుతుందని వీళ్లు అనుకుంటున్నారు. బొగ్గు గనుల పెన్షన్ పథకం 1998లో వచ్చింది. పూర్తి సర్వీసు ఉంటే చివరి నెలల సగటు వేతనంలో 25 శాతం. దానికి డీఏ లేదు. మొదటి నెల ఎంత వస్తుందో పదిహేనేళ్ల తర్వాతా అంతే. ఈయనకి 28 వేల చుట్టూ వస్తుంది. 2000ల తొలినాళ్లలో రిటైరై ఇప్పటికీ రెండు మూడు వేల పెన్షన్ తీసుకుంటున్న పాత కార్మికులు అదే ఊళ్లో ఉన్నారు. ఆయనకి వాళ్లు తెలుసు. వాళ్ల వరసలో తనూ నిలబడతానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

లెక్క వేసిననాటికి గ్రాట్యుటీ గరిష్ఠంగా 20 లక్షలు. పీఎఫ్‌లో పెళ్లికీ ప్లాటుకీ అడ్వాన్సులు తీశాడు కాబట్టి మిగిలేది తను అనుకున్నదాంట్లో సగం. ఈ లెక్క పూర్తయ్యాక ఆయన చాలాసేపు ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒకటే అన్నాడు: ‘నా కొడుకు బాయి దిగొద్దని నేనే అన్న. కని బాయి లేకుంటె వానికి ఏమున్నది సార్?’

కొడుకు సంగతి

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మనెంట్ కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి, మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు పోయింది. తాత ఎక్కిన నిచ్చెన మనవడికి లేదు. మిగిలిన దారి కారుణ్య నియామకం. దానికి తండ్రి నిజంగా జబ్బుపడి మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ కావాలి. రిటైర్మెంట్ దగ్గరపడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

బయటి దళారి ఒకడు ఆయన్ని కలిసి, డబ్బు పెడితే పని అయిపోతుందని చెప్పాడు. ఇంట్లో ఇది పెద్ద గొడవ. కొడుకు ఒప్పుకున్నాడు. తల్లి వద్దంది. ఆమె వద్దనడానికి కారణం డబ్బు కాదు. బీటెక్ చదివిన పిల్లాడు బాయి దిగితే పెళ్లి సంబంధం తగ్గుతుందని. తండ్రి వద్దన్నాడు. ఆయన కారణం వేరు: ‘నేను నడుస్తాన్న, తింటాన్న. జబ్బున్నదని దొంగ మాట చెప్పి నౌకరి తెచ్చుడు నాకొద్దు.’ ఈ విషయంలో నేను ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డాను. దళారికి ఇచ్చిన డబ్బు తిరిగిరాదు, కేసైతే ఉన్న గ్రాట్యుటీ కూడా చిక్కుల్లో పడుతుంది. అంతకు మించి, ఆ ఇంట్లో చాలా కాలం తర్వాత ఎవరో ఒకరు పరువు గురించి కాకుండా తప్పొప్పుల గురించి మాట్లాడారు. దాన్ని కాపాడాలనిపించింది.

కొడుకుతో విడిగా మాట్లాడాను. తనకి సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి లేదు. చదివింది ఎలక్ట్రికల్. హైదరాబాద్‌లో ఉండటానికి కారణం ఒక్కటే: ఇంటికొస్తే కాలనీలో ఏం చేస్తున్నావని అడుగుతారు. నెలకు 12 వేలు ఆ ప్రశ్న తప్పించుకోవడానికి ఖర్చవుతున్నాయి.

ఏం చేశాం

మొదట అప్పులన్నీ ఒకే కాగితం మీద, భార్య, భర్త, కొడుకు ముగ్గురి ఎదుట రాయించాను. కూతురికి కూడా ఫోన్ చేయించాను. అల్లుడికి చెప్పొద్దని తల్లి పట్టుబట్టింది. అది కూతురికే వదిలేశాం. ఆమె ఆ రాత్రే చెప్పింది, అల్లుడు పెద్దగా పట్టించుకోలేదు.

అక్టోబర్‌లో లాభాల వాటా, దీపావళి బోనస్ రెండూ వచ్చాయి. బోనస్ 93,750. రెండూ కలిపి ట్యాక్స్ పోను 2 లక్షల పైన చేతికొచ్చింది. దానితో కొత్త టీవీ, ఫ్రిజ్ అని అంతకుముందే అనుకున్నారు. ఆ డబ్బుతో గిరిగిరి బాకీ 80 వేలు ఒకేసారి కట్టి ఏటీఎం కార్డు వెనక్కి తీసుకున్నాం. వ్యాపారి మిగిలిన వారాల వడ్డీ తగ్గించనన్నాడు. బేరం కోసం ఆగితే ఇంకో రెండు వారాల కిస్తీ పోతుంది, అందుకే ఆగలేదు. కార్డు పిన్ అదే రోజు మార్పించాను. రాసిచ్చిన ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోటు కూడా తిరిగి తీసుకుని చింపించాను. ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్తున్నా, బాకీ తీరిన రోజే ఆ కాగితాలు చేతికి రాకపోతే కేసు తీరినట్టు కాదు. కిరాణా ఉద్దెర 45 వేలు కట్టేశాం. మరో 60 వేలు భార్య పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించాను. మిగిలింది పర్సనల్ లోన్‌లో కట్టారు.

కారు దగ్గర అసలైన గొడవ. అమ్మితే నెలకు 9 వేలు మిగులుతాయి, పెట్రోలు ఖర్చు పోతుంది. కారు నెలకు ఒకటి రెండుసార్లు కూడా కదలడం లేదు. ఆయనకు అమ్మడం ఇష్టమే. భార్య, కొడుకు ససేమిరా అన్నారు. నేను ఒత్తిడి చేయలేదు. సిగ్గుకి సంబంధించిన నిర్ణయాన్ని బయటివాడు తీసుకుంటే, తర్వాత వాళ్లు అంతకంటే పెద్ద ఖర్చు పెట్టి ఆ సిగ్గు కడుక్కుంటారు. మూడు నెలలయ్యాక భార్యే ఫోన్ చేసింది. ఇన్సూరెన్స్ రెన్యువల్ వచ్చిందట. అమ్మేశారు. లోన్ తీరి కొద్దిగా మిగిలింది.

గిరిగిరి, కారు కిస్తీలు పోయాక ఇంటి ఖర్చుకు 32 వేలు మిగిలింది. చిట్టీ అయిపోయాక ఆ 10 వేలు కూడా పర్సనల్ లోన్‌కి మళ్లిస్తున్నారు. నెలకు 34 వేల లెక్కన పోతే ఆ లోన్ రిటైర్మెంట్ సమయానికి తీరుతుంది. పాత ఈఎంఐ మీదే ఉంటే రిటైరయ్యాక ఇంకో ఏడాదికి పైగా 28 వేల పెన్షన్‌లోంచి 24 వేలు కట్టాల్సి వచ్చేది.

కుట్టు పని విషయంలో భార్య మనసు మారలేదు. కొడుకు మాత్రం ఇంటికొచ్చాడు. ఉద్యోగం ఎవరు చూపించారంటే, చిన్నాయన. మంచిర్యాల జిల్లా జైపూర్ వైపు ఒక కాంట్రాక్టర్ దగ్గర ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్, నెలకు 18 వేలు. లైసెన్స్ పరీక్ష రాసి సూపర్‌వైజర్ పర్మిట్ తెచ్చుకుంటే పెరుగుతుంది. చదువు వల్ల మనవడు ఒక మెట్టు పైకి వెళ్తాడని ఆ ఇల్లు నమ్మింది. మస్టర్ లేకపోతే బీటెక్ కూడా చిన్నాయన పక్కనే నిలబెట్టింది. భిలాయ్ ఉక్కు కర్మాగారం కార్మికుల మీద దశాబ్దాల పాటు సాగిన పరిశోధన కూడా పర్మనెంట్ వాళ్లూ కాంట్రాక్ట్ వాళ్లూ రెండు వేర్వేరు వర్గాలుగా విడిపోయారని చెప్పింది. ఇక్కడ ఆ గీత ఒక ఇంటి మధ్యలోంచి, తండ్రీ కొడుకుల మధ్యలోంచి పోతోంది.

తమ్ముడి వాటా

అప్పుల కాగితంలో ఒక పద్దు ఎవరూ రాయలేదు. కరీంనగర్ ప్లాటు ఎలా కొన్నారని అడుగుతూ పోతే బయటికొచ్చింది. లోన్ కాక మిగతా డబ్బు ఊళ్లో ముప్పై గుంటలు అమ్మగా వచ్చింది. పట్టా తండ్రి తర్వాత పెద్దవాడి పేరు మీద మారింది. తమ్ముడి చేత సంతకం పెట్టించారు, చేతిలో 50 వేలు పెట్టారు. నౌకరి ఒకరికి, భూమి ఇంకొకరికి అన్న తండ్రి మాట ప్రకారమైతే ఆ భూమి తమ్ముడిది. ఈ కుటుంబం దగ్గరున్న ఒకే ఒక్క మధ్యతరగతి ఆస్తి ఆయన వాటా మీద నిలబడి ఉంది.

తమ్ముణ్ని పిలిపించాను. కోపంగా మాట్లాడలేదు. ‘అన్నకు బాయి నౌకరి వచ్చింది, నాకు రాలే. దానికి నాకు బాధ లేదు. నాయిన ఏం చెప్పిండో అన్న మర్సిండు, గదే బాధ.’ ఆయన భార్యకు మాత్రం కోపం ఉంది. పెళ్లిలో తమను స్టేజీ దగ్గర కాక వంటల దగ్గర చూసుకొమ్మన్నారని ఆమె చెప్పింది. వదిన తల దించుకుంది, కాదనలేదు.

దీన్ని నేను అప్పుల పట్టికలో చేర్చాలన్నాను. కోర్టుకు పోతే సంతకం ఉంది కాబట్టి తమ్ముడు గెలవకపోవచ్చు. కానీ ఈ కుటుంబానికి కష్టం వస్తే పరుగెత్తుకొచ్చేది ఆ ఇల్లొక్కటే. కొడుక్కి ఉద్యోగం వెతికిన మనిషి ఆయన. ప్లాటు ధర, లోన్ ఈఎంఐ ఎంత జాగ్రత్తగా లెక్కేశామో ఈ బాకీని కూడా అంత జాగ్రత్తగా లెక్కేయాలని నా అభిప్రాయం. పెద్దాయన భార్య మొదట ఒప్పుకోలేదు. ‘ఇల్లు కట్టాలంటె పైసలు యాడికెల్లి తేవాలె’ అంది. ఆమె భయం అర్థం లేనిది కాదు. 2027 తర్వాత వాళ్లకి ఉండటానికి ఇల్లు లేదు, కట్టుకోవాల్సింది ఆ ప్లాటులోనే.

ప్రస్తుతం కేసు ఇక్కడ ఉంది. గ్రాట్యుటీ వచ్చాక అందులోంచి తమ్ముడి వాటా ఇచ్చేటట్టు కాగితం రాసుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. తమ్ముడు 6 లక్షలు అడుగుతున్నాడు, వీళ్లు 4 అంటున్నారు. ఇల్లు మొదట రెండు గదులే కట్టి, పైన స్లాబ్ తర్వాత వేసుకుంటే 5 ఇవ్వొచ్చని నేను లెక్క వేసిచ్చాను. రిటైర్మెంట్ తర్వాతి మెడికల్ కార్డుకి కట్టాల్సిన డబ్బు, పీఎఫ్ నామినేషన్‌లో భార్య పేరు సరిచేయించడం ఇంకా పెండింగ్‌లో ఉన్నాయి. దసరాకి కూతురు వస్తుంది. అప్పుడు రెండు ఇళ్ల వాళ్లనీ కలిపి కూర్చోబెట్టి, అంకె తేల్చి, సాక్షి సంతకాలతో కాగితం రాయిస్తాం.